పంది గుండె మనిషికి అంటు పడుతుందా?

అమెరికాలో ఒక మనిషికి పంది గుండె అమర్చారన్న వార్త 2022 జనవరిలో అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఇలాంటి వార్త నోటి నుంచి నోటికి పాకేసరికి రకరకాలుగా మారుతుంది. గుండెజబ్బు వాళ్లకు ఇక దిగులు లేదనే ఆశ ఒకటి, పందులకు ఎక్కడలేని గిరాకీ వస్తుందనే లెక్క ఇంకొకటి. అసలు జరిగిందేమిటి, పని ఎందాకా వచ్చింది, మన ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉంటే దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేమిటి అన్నవి తెలుసుకుంటే లేనిపోని ఆశా ఉండదు, మోసపోయే పనీ ఉండదు.

ఇది పెద్దాసుపత్రి డాక్టర్ల వ్యవహారం, రైతుకేం పని అనిపించవచ్చు. కానీ ఇందులో ఆపరేషన్ సగమే. మిగతా సగం పశుపోషణ. ఆ మొదటి ఆపరేషన్‌లో కత్తి పని బాగానే సాగింది. దెబ్బ తగిలిన చోట్లలో పంది పెంపకం ఒకటి. ఆ సంగతి మన పాడి, కోళ్ల రైతులకు చప్పున అర్థమవుతుంది.

అంటు ఎందుకు పడదు?

మామిడి మీద మామిడి అంటు పడుతుంది. టమాటాను వంగ మొక్క మీద కట్టినా పడుతుంది, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. మామిడి కొమ్మను వేప మీద కడితే మాత్రం ఎండిపోతుంది. మనిషి శరీరం ఇంకా పట్టుదల గలది. సాటి మనిషి గుండెనే అది పరాయిదని గుర్తుపట్టి దాడి చేస్తుంది. అందుకే గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ దాడిని అణచిపెట్టే మందులు బతికినన్నాళ్లూ వాడాలి.

పంది గుండె విషయంలో దాడి నెమ్మదిగా రాదు. మామూలు పంది గుండెను మనిషి రక్తానికి కలిపితే నిమిషాల్లో, మహా అయితే గంటల్లో అది నల్లబడి ఆగిపోతుంది. దీనికి కారణం ఒక చక్కెర పదార్థం. పంది, ఆవు, గొర్రె లాంటి జంతువుల కణాల మీద 'ఆల్ఫా-గాల్' అనే ఒక రకం చక్కెర ఉంటుంది. మనుషుల్లోనూ, మనిషికి దగ్గరి కోతి జాతుల్లోనూ అది లేదు. మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల మీద కూడా అలాంటి చక్కెరే ఉండటంతో, చిన్నప్పటి నుంచే మన రక్తంలో దానికి విరుగుడు తయారై ఉంటుంది. పంది గుండెలోకి మన రక్తం వెళ్లగానే ఆ విరుగుడు పదార్థాలు గుండె రక్తనాళాలకు అతుక్కుంటాయి. రక్తం గడ్డకడుతుంది. గుండె పని అక్కడితో సరి.

పాత ప్రయత్నాలు

జంతువు గుండెను మనిషికి పెట్టి చూడటం కొత్తేమీ కాదు. మనిషి గుండెను మనిషికి మార్చడానికి ముందే ఇది జరిగింది. 1964 జనవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జేమ్స్ హార్డీ అనే సర్జన్ ఒక రోగికి చింపాంజీ గుండె అమర్చారు. ఆ గుండె చిన్నది, మనిషి ఒంటికి చాలినంత రక్తం తోయలేకపోయింది. గంట, గంటన్నరకే ఆగిపోయింది. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లకు, 1967 డిసెంబర్‌లో, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మనిషికి అమర్చారు. ఆ రోగి 18 రోజులు బతికాడు.

1984లో కాలిఫోర్నియాలో లియోనార్డ్ బెయిలీ అనే డాక్టరు, గుండె సరిగా ఏర్పడకుండా పుట్టిన ఒక పసిపాపకు బబూన్ కోతి గుండె పెట్టారు. పాప మూడు వారాలు బతికింది. పాప రక్తం గ్రూపు, కోతి రక్తం గ్రూపు కలవలేదు. పసిబిడ్డ మీద ఇలాంటి ప్రయోగమేమిటని లోకమంతా వాదులాడుకుంది. అయితే ఆ సంఘటన తర్వాతే, పసిపిల్లలకు సాటి పిల్లల గుండెలు దానంగా దొరకాలన్న ఆలోచన జనంలోకి వెళ్లిందని కూడా చెప్పుకోవాలి.

మన దేశంలోనూ ఒకటి జరిగింది. 1997లో అస్సాంలోని గౌహతి దగ్గర సోనాపూర్‌లో ధనీరామ్ బారువా అనే సర్జన్ 32 ఏళ్ల యువకుడికి పంది గుండె అమర్చారు. ఆ యువకుడు వారం రోజులే బతికాడు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం కింద ఆ డాక్టరును అరెస్టు చేశారు, 40 రోజులు జైల్లో ఉంచారు. పాతికేళ్ల తర్వాత అమెరికా వార్త రాగానే చాలామంది ఆయన పేరు మళ్లీ తలచుకున్నారు. ముందు చేసింది మనవాడేనని గొప్పగా చెప్పుకున్నవారూ ఉన్నారు. కానీ రెండింటికీ పోలిక పెట్టడం సరికాదు. ఆ చక్కెరను తీసేసిన పంది 1997లో లోకంలో ఎక్కడా పుట్టలేదు. మామూలు పంది గుండెకు మనిషి రక్తం ఏం చేస్తుందో అప్పటికే తెలుసు. అంతకుమించి, అనుమతి లేని ప్రయోగానికి బలయ్యేది ఎప్పుడూ గతిలేని రోగే.

కోతి కాదు, పందే ఎందుకు?

మనిషికి చుట్టమైన కోతిని వదిలి పందిని ఎందుకు పట్టుకున్నారు? చుట్టరికమే ఇక్కడ చేటు. కోతి జాతుల జబ్బులు మనిషికి సులువుగా అంటుకుంటాయి. ఎయిడ్స్ వైరస్ చింపాంజీల నుంచి వచ్చినదే. పైగా కోతి ఈతకు ఒక్కటే పిల్ల, అది ఎదగడానికి ఏళ్లు పడుతుంది. బబూన్ గుండె పెద్దవాళ్లకు చాలదు.

పంది సంగతి పెంచేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కట్టిన 114 రోజులకు ఈనుతుంది. సీమ పందైతే ఈతకు 8 నుంచి 12 పిల్లలు. ఏడాది తిరక్కుండా మనిషి బరువుకు వస్తుంది. గుండె పరిమాణం, అందులోని నాలుగు గదులు, కవాటాల అమరిక మనిషి గుండెకు చాలా దగ్గరగా ఉంటాయి. మాంసానికి ఎలాగూ పెంచుతున్నదే కాబట్టి అభ్యంతరం కూడా కోతికి వచ్చినంత రాదు. అసలు చాలా ఏళ్లపాటు చక్కెర జబ్బుకు ఇచ్చిన ఇన్సులిన్ పందుల నుంచీ, పశువుల నుంచీ తీసిందే. గుండె ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇప్పటికీ పంది పేగుల నుంచే వస్తోంది.

పందిలో మార్చిందేమిటి

బీటీ పత్తి మనకు 2002 నుంచి తెలుసు. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెట్టారు, దాంతో కాయతొలిచే పురుగుకు విషమయ్యే పదార్థాన్ని మొక్కే తయారు చేసుకుంది. పంది విషయంలోనూ దారి అదే, పని మాత్రం ఇంకా కష్టం.

1996లో స్కాట్లాండులో డాలీ అనే గొర్రెపిల్లను ఒకే ఒక్క కణం నుంచి పుట్టించారు. 2000 సంవత్సరంలో అదే పద్ధతిలో పందిపిల్లలను పుట్టించారు. ఇక్కడే తలుపు తెరుచుకుంది. ఒక కణంలో జన్యువులను కోరినట్టు మార్చి, దాన్నుంచి మొత్తం పందినే పుట్టించవచ్చని తేలింది. రెండు మూడేళ్లలోనే ఆ పాడు చక్కెర లేని పందులు పుట్టాయి.

2022లో గుండె ఇచ్చిన పందిలో మొత్తం పది మార్పులు చేశారు. మనిషి రక్తం పగపట్టే మూడు రకాల చక్కెరలను తయారు చేసే జన్యువులను పనిచేయకుండా చేశారు. రక్తం గడ్డకట్టకుండా, వాపు రాకుండా, మనిషి శరీరం 'ఇది మనదే' అనుకునేలా చేసే ఆరు మనిషి జన్యువులను చేర్చారు. పదోది చిత్రమైనది. పందికి ఎదుగుదల ఎక్కువ. దాని గుండెను కోతికి పెట్టి చూస్తే అది పంది ఒంట్లో ఉన్నట్టే పెరిగిపోయి, ఛాతీలో చోటు చాలక ప్రాణం మీదికి తెచ్చింది. జర్మనీలోని మ్యూనిక్ డాక్టర్లు ఈ పెరుగుదలను మందులతో అదుపు చేసి, పంది గుండెతో బబూన్లను 195 రోజుల దాకా బతికించారు. 2018లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. అమెరికావాళ్లు ఎదుగుదలకు సంబంధించిన జన్యువునే ఆపేశారు.

బాల్టిమోర్‌లో రెండు నెలలు

2022 జనవరి 7న అమెరికాలోని బాల్టిమోర్‌లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బార్ట్‌లీ గ్రిఫిత్, మహమ్మద్ మొహియుద్దీన్‌ల బృందం ఆ ఆపరేషన్ చేసింది. రోగి వయసు 57. నెలల తరబడి మంచాన పడి, యంత్రం ఆసరాతో ఊపిరి నిలుపుకుంటున్న మనిషి. మనిషి గుండె అమర్చడానికి ఆయన పనికిరారని ఆసుపత్రులు తేల్చాయి. చావా, ఇదా అన్న స్థితిలో ఆయన ఒప్పుకున్నారు, ప్రభుత్వం ఆ ఒక్క రోగికి ప్రత్యేక అనుమతి ఇచ్చింది.

గుండె వెంటనే కొట్టుకుంది. నిమిషాల్లో నల్లబడే పాత బెడద రాలేదు. వారాలపాటు బాగానే పనిచేసింది. తర్వాత ఏడో వారంలో ఉన్నట్టుండి గుండె గట్టిపడి, రక్తం నింపుకోలేని స్థితికి వచ్చింది. మార్చి 8న ఆయన చనిపోయారు.

కారణం ఒక్కటే అని డాక్టర్లు చెప్పలేదు. రోగి ముందే నీరసించి ఉన్నారు. అంటువ్యాధులను తట్టుకోవడానికి ఆయనకు ఎక్కించిన రక్తపు మందులో పందికి పగవైన పదార్థాలు కూడా కలిసి ఉన్నాయి. వీటితోపాటు బయటపడిన మూడో సంగతే అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. ఆ గుండెలో పంది వైరస్ ఒకటి ఉంది. పేరు పోర్సైన్ సైటోమెగలో వైరస్. పందులకు సాధారణంగా వచ్చేదే, పెద్ద పందిలో పైకి ఏ లక్షణమూ చూపదు. ఒంట్లో ఎక్కడో నక్కి ఉంటుంది. పందిని బతికుండగా ముక్కులోంచి నమూనా తీసి పరీక్షిస్తే 'లేదు' అని వచ్చింది. ఆపరేషన్ అయిన 20 రోజులకు రోగి రక్తంలో దాని జాడ కనిపించింది.

ఇది కోట్ల డాలర్ల ప్రయోగశాల పంది. అయినా జబ్బు దూరింది.

పెంపకంలో ఉంది కిటుకు

ఈ వైరస్ తల్లి నుంచి పిల్లకు పుట్టిన మొదటి రోజుల్లోనే అంటుకుంటుంది. పిల్లను ముందుగానే తల్లి నుంచి విడదీస్తే మందలోంచి దాన్ని తొలగించవచ్చని జర్మనీ శాస్త్రవేత్తలు అంతకుముందే చెప్పారు. ఆ వైరస్ ఉన్న పంది గుండెలు కోతుల్లో తక్కువ రోజులే పనిచేశాయని కూడా చెప్పారు. ముర్రుపాలు పట్టకపోతే దూడ బతకదని నేర్చుకున్న మనకు ఇది తలకిందుల వ్యవహారంలా ఉంటుంది. కానీ అవయవాల కోసం పెంచే మందను మొదలుపెట్టేటప్పుడు తల్లి పందికి ఆపరేషన్ చేసి పిల్లలను బయటికి తీస్తారు. తల్లి రొమ్ముకు అలవాటు చేయకుండా శుభ్రమైన గదుల్లో డబ్బా పాలతో పెంచుతారు. ఆ పిల్లలే తర్వాత మందకు మూలం.

అవి ఉండే చోటును మన కోళ్ల ఫారంతో పోల్చవచ్చు. గేటు దగ్గర మందు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి వెళ్తాం కదా. అక్కడ అదే జాగ్రత్త పదింతలు. పనివాళ్లు స్నానం చేసి, బట్టలన్నీ మార్చుకుని లోపలికి పోవాలి. గాలిని వడగట్టి లోపలికి పంపుతారు. నీటినీ, దాణానూ క్రిములు లేకుండా చేస్తారు. ఎలుక, ఈగ, పిట్ట ఏదీ దూరకూడదు. హోటలు ఎంగిలి మెతుకులు, కుడితి అన్న మాటే లేదు. తరచూ రక్తం తీసి పరీక్షిస్తారు. 2024లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో తెరిచిన ఇలాంటి ఒక కేంద్రం నుంచి ఏటా వచ్చే అవయవాలు మహా అయితే 125 దాకా ఉంటాయని లెక్క.

కాబట్టి ఊరపందికీ, మనం మాంసానికి పెంచే సీమ పందికీ ఈ గిరాకీ రాదు. ఎంత బలిసినా, ఎంత ఆరోగ్యంగా కనబడినా రాదు. 'గుండె ఆపరేషన్లకు పనికివచ్చే జాతి పిల్లలు' అని చెప్పి ఎవరైనా పందిపిల్లలను ఎక్కువ ధరకు అంటగట్టబోతే, డబ్బు ఇవ్వక ముందే మీ మండల పశువైద్యాధికారిని అడగండి. పంది పెంపకం లాభమా నష్టమా అన్న లెక్క మాంసం ధర మీదా, దాణా ఖర్చు మీదా వేసుకోవలసిందే.

జబ్బుల భయం ఇంతగా ఎందుకంటే, పంది నుంచి మనిషికి జబ్బు దూకడం కొత్త కాదు. మెదడువాపు జ్వరం వచ్చినప్పుడల్లా ఊళ్లోంచి పందులను తరమడం మనం చూసిందే. ఆ వైరస్ పంది ఒంట్లో పెరిగి, దోమ ద్వారా పిల్లలకు ఎక్కుతుంది. 1998, 1999 సంవత్సరాల్లో మలేసియాలో నిపా వైరస్ గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి పెంపకందార్లకు పాకి వందమందికి పైగా చనిపోయారు. సుమారు పది లక్షల పందులను చంపేశారు. పాకలోని పంది నుంచే ఇంత ప్రమాదం ఉన్నప్పుడు, పంది అవయవాన్ని ఒంట్లోనే పెట్టుకుని, రోగ నిరోధక శక్తిని మందులతో అణచుకున్న మనిషి సంగతి చెప్పాలా! అందుకే ఇలాంటి రోగులను బతికినన్నాళ్లూ పరీక్షిస్తూనే ఉండాలని నియమం పెట్టుకున్నారు. పంది జన్యువుల్లోనే కలిసిపోయిన కొన్ని వైరసులు కూడా ఉన్నాయి. అవి ఎంత శుభ్రంగా పెంచినా పోవు. వాటిని జన్యు మార్పుతోనే పనిచేయకుండా చేసిన పందులను ఒక కంపెనీ తయారు చేసింది.

ఇప్పుడెక్కడ ఉన్నాం

2023 సెప్టెంబర్ 20న బాల్టిమోర్ బృందమే 58 ఏళ్ల మరొకరికి పంది గుండె అమర్చింది. ఈసారి వైరస్ పరీక్షలు ఇంకా గట్టిగా చేశారు. మొదటి నెల సాఫీగా గడిచింది. తర్వాత శరీరం ఆ గుండెను తిరస్కరించడం మొదలుపెట్టింది. అక్టోబర్ 30న ఆయన కన్నుమూశారు. అంటే వైరస్ లేకపోయినా అంటు పూర్తిగా పడలేదన్నమాట.

ఆ తర్వాత అడుగులు ఎక్కువగా మూత్రపిండాల వైపు పడ్డాయి. కారణం తేలికే. పంది మూత్రపిండం పనిచేయకపోతే తీసేసి మళ్లీ డయాలసిస్ మీద పెట్టవచ్చు. గుండె ఆగితే అలాంటి రెండో దారి దాదాపు లేదు. 2024 మార్చిలో బోస్టన్‌లో బతికున్న రోగికి తొలిసారి పంది మూత్రపిండం అమర్చారు. 2025 జనవరిలో అక్కడే అమర్చిన ఇంకొకటి 271 రోజులు పనిచేసింది, ఆ తర్వాత తీసేయవలసి వచ్చింది. 2025లోనే అమెరికా ప్రభుత్వం దీనిమీద పద్ధతి ప్రకారం పరీక్షలకు అనుమతించింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ మంచాల మీద గడుపుతున్న కుటుంబాలకు ఏనాటికైనా పనికొచ్చేది ముందు ఇదేనేమో. అయితే ఏడాదికో రెండేళ్లకో మన జిల్లా ఆసుపత్రికి వచ్చేస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మవద్దు.

మన ఇంట్లో రోగి ఉంటే

గుండె పూర్తిగా చెడిపోయిన రోగికి ఈరోజు ఉన్న దారి సాటి మనిషి గుండే. మన దేశంలో 1994 ఆగస్టులో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్ తొలి గుండె మార్పిడి చేశారు. మన దగ్గర 2013 నుంచి 'జీవన్‌దాన్' పేరుతో అవయవాల పంపిణీ జరుగుతోంది. మెదడు చనిపోయిందని డాక్టర్లు నిర్ధారించిన మనిషి కుటుంబం ఒప్పుకుంటేనే గుండె తీస్తారు. తీసిన గుండెను నాలుగు గంటల్లోపే అమర్చాలి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపి నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండెను చేరవేశారు. అది ఒక రైతు గుండె. రోగి పేరు నమోదు చేయించాలంటే అనుమతి ఉన్న ఆసుపత్రి ద్వారానే చేయించాలి. మధ్యవర్తులకు డబ్బిచ్చి గుండె కొనడం కుదరదు, అది నేరం కూడా.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పంది గుండెలోని ఒక భాగం మన ఊళ్లలో కొందరి ఒంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంది. అదే కవాటం, డాక్టర్లు వాల్వు అంటారు. పేద ఇళ్లలో పిల్లలకు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవడం ఎక్కువ. మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షను మధ్యలో మానేసినవాళ్లే చివరికి ఆపరేషన్ దాకా వెళ్తారు. అప్పుడు పెట్టే కవాటాలు రెండు రకాలు. ఒకటి లోహంతో చేసింది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ మన దేశంలోనే తయారు చేసిన ఇలాంటి కవాటాన్ని 1990లో తొలిసారి అమర్చారు. రెండోది పంది కవాటంతోనో, పశువుల గుండె చుట్టూ ఉండే పొరతోనో చేసింది. మొత్తం గుండె అంటు పడనప్పుడు కవాటం ఎలా పడింది? దాన్ని తోలు పదును చేసినట్టు రసాయనంలో ఊరబెడతారు. అందులో బతికున్న కణం ఉండదు, కాబట్టి ఒళ్లు పెద్దగా పట్టించుకోదు.

లోహపు కవాటం చాలా ఏళ్లు మన్నుతుంది గానీ, రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. తరచూ రక్తపరీక్ష చేయించి మోతాదు సరిచూసుకోవాలి. మాత్ర తగ్గితే కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే చిన్న దెబ్బకే రక్తస్రావం. కొడవలి, పార పట్టే చేతులకు ఇది చిన్న విషయం కాదు. జంతు కవాటానికి ఆ మాత్ర సాధారణంగా కొన్ని నెలలు చాలు. కానీ పది, పదిహేనేళ్లకు అరిగిపోతుంది, వయసులో ఉన్నవాళ్లలో ఇంకా ముందే అరుగుతుంది, మళ్లీ ఆపరేషన్ తప్పదు. పిల్లలు కావలసిన ఆడవాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తం పలచబరిచే ఆ మాత్ర కడుపులోని బిడ్డకు చేటు చేస్తుంది. రక్తపరీక్ష చేసే చోటు మీ ఊరికి ఎంత దూరమో, నెలనెలా వెళ్లగలరో లేదో కూడా చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

కవాటం ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద 2007 నుంచి జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకాన్ని 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుపుతున్నారు. కార్డు మీద ఏ రకం కవాటం ఇస్తారో ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరు దగ్గర అడిగి తెలుసుకోవాలి. పంది అంటే పట్టింపు ఉన్నవాళ్లు, పశువు అంటే పట్టింపు ఉన్నవాళ్లు ఆ మాట సంతకం పెట్టక ముందే చెప్పాలి. మొహమాటపడితే తర్వాత మార్చేది ఉండదు.